సౌండ్‌బార్ పెడితే గేటు కెమెరా ఎందుకు నిలిచిపోతోంది?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి బైరాగిపట్టెడ. కింద అత్తామామలు, మిద్దె మీద మేము ఉంటాం. గేటు దగ్గర, మెట్ల దగ్గర, మిద్దెపైన నీళ్ల ట్యాంకు పక్కన, కింద అత్తగారి గదిలో కలిపి నాలుగు వైఫై కెమెరాలున్నాయి. అత్తగారికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఒక్కతే లేవబోతే తెలియాలని ఆ గదిలో పెట్టాం. సంక్రాంతికి మావారు సబ్‌వూఫర్‌తో సౌండ్‌బార్ కొన్నారు. టీవీకి బ్లూటూత్‌తో కలిపారు. అప్పటి నుంచి సాయంత్రం టీవీ పెట్టగానే కెమెరా బొమ్మ తిరుగుతూ తిరుగుతూ నిలిచిపోతోంది. నేను ఫోన్‌లో కెమెరా చూస్తుంటే సౌండ్‌బార్‌లో మాట తెగి తెగి వస్తోంది. రౌటర్ హాల్లో టీవీ వెనకే ఉంది. సినిమాల హార్డ్ డిస్క్ కూడా టీవీకే పెట్టి ఉంటుంది. గేటు కెమెరా అయితే చీకటి పడ్డాక గంటకోసారి ఆఫ్‌లైన్ అవుతోంది. కింద మావయ్యగారి పాత హోమ్ థియేటర్‌లో ఎప్పుడూ గుయ్యిమని మోత. చూడ్డానికి వచ్చినతను సౌండ్ తరంగాలు కెమెరాలకు తగులుతున్నాయి, నాలుగూ మార్చాలి, 22 వేలు అవుతుంది అన్నాడు. మార్చక తప్పదా? బయటివాళ్లెవరైనా మా కెమెరాలు ఆపుతున్నారేమో అని కూడా భయంగా ఉంది.

సమాధానం: అమ్మా, ఆ 22 వేలు ఇప్పుడే ఇవ్వకండి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఇంట్లో ఒకటి కాదు, మూడు వేర్వేరు ఇబ్బందులున్నాయి. టీవీ పెట్టినప్పుడు కెమెరాలు ఆగడం ఒకటి. గేటు కెమెరా రాత్రిపూట పడిపోవడం ఇంకొకటి. మావయ్యగారి స్పీకర్ల మోత మూడోది. దానికీ వైఫైకీ సంబంధం లేదు. మూడూ ఒకే ఇంట్లో ఉండటంతో ఒకే రోగంలా కనబడుతున్నాయి. నాలుగు కెమెరాలూ మార్చినా హోమ్ థియేటర్ మోత అలాగే ఉంటుంది, సౌండ్‌బార్ కూడా మళ్లీ అలాగే తెగుతుంది.

ముందు ఆ "సౌండ్ తరంగాలు" అన్న మాట సంగతి. స్పీకర్ నుంచి వచ్చే శబ్దం గాలి కదలిక. అది కెమెరా సిగ్నల్‌ను ఏమీ చేయదు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూడండి, కెమెరా అప్పుడూ ఆగుతుంది. తగువు పడుతున్నది శబ్దం కాదు, ఆ శబ్దాన్ని తీగ లేకుండా మోసుకెళ్లే రేడియో తరంగాలు. మీ వైఫై కెమెరాలు, టీవీ నుంచి సౌండ్‌బార్‌కు వెళ్లే బ్లూటూత్, చాలా మోడళ్లలో సౌండ్‌బార్ నుంచి సబ్‌వూఫర్‌కు వెళ్లే లింకు కూడా 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే పట్టీలో నడుస్తాయి. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఈ పట్టీని మన దేశంలో లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని ప్రభుత్వం 2005లో వదిలేసింది. అందుకే చౌక పరికరాలన్నీ అక్కడికే చేరాయి. మీ వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే అదీ దాదాపు 2450 దగ్గరే పనిచేస్తుంది. ఉన్న వెడల్పు మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. అందులో మీ ఇల్లు, పక్కిల్లు, ఎదురిల్లు అన్నీ సర్దుకోవాలి. బైరాగిపట్టెడలో గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్లలో ఫోన్ తీసి చూస్తే పది పదిహేను వైఫై పేర్లు కనబడటం వింతేం కాదు.

ఒకే పట్టీలో ఉన్నంత మాత్రాన తగువు రావాలనేం లేదు. వైఫై మర్యాదస్తురాలు. మాట్లాడే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారా అని చెవి ఒగ్గి వింటుంది, ఖాళీ దొరికేదాకా ఆగుతుంది. బ్లూటూత్ ఆగదు, గెంతుతుంది. పట్టీని 79 చిన్న గళ్లుగా చేసుకుని సెకనుకు 1600 సార్లు ఒక గడి నుంచి ఇంకో గడికి దూకుతుంది. 2003లో వచ్చిన బ్లూటూత్ 1.2 నుంచి రద్దీగా ఉన్న గళ్లను గుర్తుపట్టి తప్పించుకోవడం కూడా నేర్చింది. కాబట్టి కాస్త ఎడం, కాస్త ఖాళీ ఉంటే ఇద్దరూ సర్దుకుపోతారు. మీ ఇంట్లో ఆ రెండూ లేవు. రౌటర్, సౌండ్‌బార్, సబ్‌వూఫర్, హార్డ్ డిస్క్ అన్నీ ఒక్క టీవీ స్టాండులో కుక్కి ఉన్నాయి.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకలు కొట్టేవాళ్ల పక్కన నిలబడి ఉన్నప్పుడు వీధి చివర నుంచి మీ పిల్లవాడు "అమ్మా" అని పిలిస్తే వినబడుతుందా? వాడు పిలవక కాదు, మీ చెవి పక్కనే మోత ఉంది కాబట్టి. మీ రౌటర్ పరిస్థితి అదే. మిద్దెపైన ట్యాంకు దగ్గర కెమెరా, కింద గేటు కెమెరా స్లాబు దాటి, గోడలు దాటి సన్నని గొంతుతో పిలుస్తున్నాయి. రౌటర్ యాంటెన్నాకు అడుగు దూరంలో సౌండ్‌బార్ ఎడతెగకుండా మాట్లాడుతోంది. మాట పెదవుల కదలికతో కలవాలి కాబట్టి ఆడియో ఆలస్యాన్ని సహించలేదు, పంపుతూనే ఉంటుంది. మీరు ఫోన్‌లో కెమెరా తెరిస్తే అప్పుడు వైఫై గొంతు పెంచుతుంది, సౌండ్‌బార్‌కు వినబడటం మానేస్తుంది. మీరు రాసిన రెండు లక్షణాలూ ఈ ఒక్క కారణానికే సరిపోతాయి.

ఇక్కడొక మంచి సంగతి ఉంది. రేడియో బలం దూరానికి వర్గంగా తగ్గుతుంది. రౌటర్‌ను సౌండ్‌బార్ నుంచి అడుగు దూరం బదులు ఎనిమిది అడుగులు జరిపితే దాని మోత దాదాపు 64 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. దీనికి ఒక పొడవాటి తీగ తప్ప ఖర్చు లేదు. నేను తిరుపతిలో చూసిన ఇలాంటి ఇళ్లలో సగం తగువులు రౌటర్ జరపడంతోనే తీరాయి.

అయినా నా మాట నమ్మి జరపకండి, ముందు మీరే పరీక్ష చేయండి. ఇబ్బంది వచ్చే వేళలోనే, అంటే సాయంత్రం 7 తర్వాతే చేయాలి. మధ్యాహ్నం చేస్తే ఊరంతా ఖాళీగా ఉంటుంది, అన్నీ బాగానే కనబడతాయి. ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. సౌండ్‌బార్‌ను, సబ్‌వూఫర్‌ను రెండింటినీ గోడ స్విచ్ దగ్గర ఆపండి. రిమోట్‌తో ఆపితే స్టాండ్‌బైలో కూడా ఆ రెండూ మాట్లాడుకుంటూ ఉండవచ్చు. టీవీ సొంత స్పీకర్లతో అరగంట నడవనిచ్చి నాలుగు కెమెరాలూ చూడండి. బాగుంటే నేరం రుజువైనట్టే. ఇప్పుడు సౌండ్‌బార్ మాత్రం వేసి, సబ్‌వూఫర్‌ను ఆపే ఉంచండి. కెమెరాలు మళ్లీ ఆగితే టీవీ బ్లూటూత్‌ది తప్పు. ఆగకుండా, సబ్‌వూఫర్ వేశాకే ఆగితే సబ్‌వూఫర్ లింకుది. సౌండ్‌బార్ మొత్తం ఆపినా కెమెరాలు ఆగుతుంటే నా అనుమానం హార్డ్ డిస్క్ మీదికి పోతుంది. యూఎస్‌బీ 3 పరికరాలు, వాటి తీగలు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో రేడియో రొదను చిమ్ముతాయని ఇంటెల్ సంస్థ 2012లోనే కాగితం మీద పెట్టింది. డిస్క్ పీకేసి చూడండి. అదే అయితే టీవీకి ఉన్న యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టండి. సినిమా చూడ్డానికి ఆ వేగం చాలు.

ఇక మందు. టీవీకీ సౌండ్‌బార్‌కీ మధ్య బ్లూటూత్ ఎందుకమ్మా? రెండూ కదలవు, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు వెతకండి. అక్కడి నుంచి సౌండ్‌బార్‌కు ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ వేయండి. చాలాసార్లు డబ్బాలోనే ఇస్తారు, తీయకుండా అటక మీద పడేసి ఉంటారు. అది కుదరకపోతే ఆప్టికల్ కేబుల్. తర్వాత టీవీ సెట్టింగులలో సౌండ్ అవుట్‌పుట్‌ను ఆ పోర్టుకు మార్చి, బ్లూటూత్ జతను తీసేయండి. తీసేయకపోతే టీవీ మళ్లీ మళ్లీ దాన్నే వెతుక్కుంటుంది. నా పట్టుదల ఒకటే: కదలని వస్తువుకు తీగ వేయాలి, గాలిని కదిలే వస్తువులకు వదలాలి. ఫోన్ కదులుతుంది, దానికి వైఫై కావాలి. గోడకు కొట్టిన టీవీకి అక్కర్లేదు.

రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి మెట్లు మొదలయ్యే చోట, మనిషి తల ఎత్తులో గోడకు బిగించండి. మన స్లాబులో ఇనుప కమ్ములుంటాయి, సిగ్నల్ వాటిని చీల్చుకుని దిగడం కష్టం. మెట్ల సందులోంచి మాత్రం గాలి దిగినట్టు దిగుతుంది. బీరువా మీద, ఫ్రిజ్ పక్కన పెట్టొద్దు. ట్యాంకు దగ్గరి కెమెరాకూ రౌటర్‌కూ మధ్య నిండు ట్యాంకు అడ్డం రాకుండా కెమెరాను రెండడుగులు పక్కకు జరపండి. నీళ్లు ఈ తరంగాలను బాగా పీల్చేస్తాయి.

తర్వాత రౌటర్ సెట్టింగులు. 2.4 గిగాహెర్ట్జ్ భాగంలో చానల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లలో ఒకటి పెట్టండి. ఒక్కో వైఫై దాదాపు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు తీసుకుంటుంది, చానళ్ల మధ్య ఎడం మాత్రం 5 మెగాహెర్ట్జే. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి ఈ మూడే. చాలామంది 1, 6 రెండూ రద్దీగా ఉన్నాయని 3 లేదా 4 పెడతారు. దానితో ఇరువైపులా ఇద్దరితోనూ గొడవ. ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ వేసి చూస్తే మీ వీధిలో ఏది కాస్త ఖాళీగా ఉందో తెలుస్తుంది. వెడల్పు 40 అని ఉంటే 20 చేయండి. ఇది చిన్న మార్పులా ఉంటుంది గానీ చాలా ముఖ్యం. 40 పెడితే సగం పట్టీ మీ రౌటరే ఆక్రమిస్తుంది, పాపం బ్లూటూత్ గెంతడానికి గళ్లు మిగలవు.

అదే రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ అనే ఇంకో పట్టీ కూడా ఉంటే దానికి వేరే పేరు పెట్టి టీవీని, ఫోన్లను, లాప్‌టాప్‌ను అక్కడికి మార్చండి. మీ ఫోన్‌ను మార్చడం మరీ ముఖ్యం. ఎందుకో చెబుతాను. మీరు ఇంట్లో కూర్చుని అత్తగారి గది చూస్తున్నప్పుడు బొమ్మ కెమెరా నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి ఫోన్‌కు ఇంకోసారి గాలిలో ప్రయాణిస్తుంది. ఫోన్ కూడా 2.4 మీద ఉంటే ఒకే బొమ్మ ఒకే ఇరుకు సందులో రెండుసార్లు నడిచినట్టు. ఫోన్ 5 మీదికి పోతే ఒక ప్రయాణం తగ్గిపోతుంది. కెమెరాలు మాత్రం 2.4లోనే ఉంటాయి, ఇళ్లకు అమ్మే వైఫై కెమెరాల్లో ఎక్కువ వాటికి 5 తెలియదు. కెమెరా యాప్‌లో సిగ్నల్ అంకె కనబడితే చూడండి. సున్నాకు ఎంత దగ్గరైతే అంత మెరుగు. మైనస్ 65 లేదా అంతకన్నా మెరుగైతే నిశ్చింత, మైనస్ 80 దగ్గరుంటే ఆ కెమెరా నత్తనడకన పంపుతూ మిగతా మూడింటి సమయం కూడా తినేస్తుంది. కెమెరాలో హెచ్.265 (బొమ్మను బాగా కుదించి పంపే పద్ధతి) ఉంటే పెట్టండి, సెకనుకు 25 ఫ్రేములుంటే 15 చేయండి. గేటు దగ్గర మనిషి ముఖం గుర్తుపట్టడానికి 15 సరిపోతాయి.

కింది అంతస్తు సిగ్నల్ ఇంకా నీరసంగానే ఉంటే ఎవరో ఒకరు రిపీటర్ కొనమంటారు. వద్దు. చౌక రిపీటర్ విన్న మాటనే అదే గాలిలో మళ్లీ చెబుతుంది, రద్దీ రెట్టింపవుతుంది. దానికి బదులు పైనుంచి కింది హాలుకు ఒక్క క్యాట్6 (నెట్‌వర్క్) తీగ దించండి. దాని చివర మీ పాత రౌటర్ ఏదైనా ఉంటే యాక్సెస్ పాయింట్‌గా, అంటే తీగలో వచ్చిన నెట్‌ను అక్కడ వైఫైగా ఇచ్చేలా పెట్టుకోండి. పైన చానల్ 1 అయితే కింద 11. అత్తగారి గది కెమెరాకు, గేటు కెమెరాకు అదే దగ్గరి దిక్కు అవుతుంది. తీగ కొనేటప్పుడు లోపల పూర్తి రాగి ఉందా అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినది చౌకగా దొరుకుతుంది, నాలుగేళ్లకు బాధపెడుతుంది.

గేటు కెమెరా సంగతి వేరు అన్నాను కదా. అది చీకటి పడ్డాకే ఎందుకు పడిపోతోంది? సాయంత్రం ఇరుగుపొరుగు వైఫై వాడకం పెరగడం ఒక కారణం కావచ్చు. నా అనుమానం ఎక్కువగా కరెంటు మీద. చీకట్లో కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, అప్పుడు అది ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టర్ పాతదైనా, గేటుదాకా చాలదని సన్నని యూఎస్‌బీ తీగకు ఇంకో తీగ అతికించినా చివరికి చేరే వోల్టేజీ పడిపోయి కెమెరా మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతుంది. మనకు ఆఫ్‌లైన్ అని కనబడుతుంది. ఒక రాత్రి యాప్‌లో నైట్ విజన్ ఆపి, గేటు లైటు వేసి ఉంచండి. ఆ రాత్రి పడిపోకపోతే తేలిపోయినట్టే. కెమెరా మీద రాసి ఉన్న వోల్టేజీకి సరిపోయే, ఆంపియర్ కాస్త ఎక్కువున్న అడాప్టర్ మార్చండి, సన్న తీగను పొట్టిగా చేసి 230 వోల్టుల ప్లగ్‌నే గేటు దగ్గరికి తెప్పించండి. ఆ ప్లగ్ డబ్బా వాన తడవనిది అయ్యుండాలి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఎలా పడతాయో మీకు తెలుసు.

మావయ్యగారి హోమ్ థియేటర్ మోత ఒకే శ్రుతిలో, ఎప్పుడూ ఉంటుందంటే అది మన కరెంటు 50 హెర్ట్జ్ గొంతు. ఆయన సెట్‌టాప్ బాక్సుకు డిష్ తీగ మిద్దెపైనుంచి వస్తుంది కదా. ఆ తీగ కవచం ఒక చోట, యాంప్లిఫయర్ ప్లగ్ ఇంకో చోట ఎర్త్ తాకితే రెండింటి మధ్య సన్నని కరెంటు తిరుగుతూ ఆడియో తీగలోకి దూరుతుంది. డిష్ తీగను బాక్సు నుంచి విప్పి చూడండి. మోత ఆగిపోతే అదే కారణం. బాక్సు, టీవీ, యాంప్లిఫయర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. అప్పటికీ పోకపోతే ఆడియో తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బా పెట్టొచ్చు. ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు: మోత పోతుందని ప్లగ్‌లో మూడో పిన్ను విరిచేయడం. మోత పోతుంది, ఆ పాత యాంప్లిఫయర్‌లో ఏదైనా లీకయిన రోజు ప్రాణం కూడా పోతుంది. ఎర్త్ గుంత ఎక్కడుందో కనుక్కుని ఎండాకాలంలో దానికి బిందెడు నీళ్లు పోయించండి. మన ఎండలకు అది ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే.

బయటివాళ్ల భయం గురించి. ఎవరో జామర్ (సిగ్నల్‌ను అడ్డుకునే పరికరం) పెట్టి ఉంటే అది మీ టీవీ రిమోట్‌తో పాటు ఆన్, ఆఫ్ అవ్వదు. మీ కెమెరాలు టీవీ వేసినప్పుడే ఆగుతున్నాయంటే తగువు ఇంట్లోదే. ప్రైవేటు వ్యక్తులు జామర్ వాడటం మన దేశంలో నేరం కూడా. అలాగని ధీమాగా ఉండమనను. ఈ పని తెలిసినవాడు కావాలనుకుంటే ఏ వైఫై కెమెరానైనా కాసేపు తెగగొట్టగలడు. అందుకే నాలుగింటిలోనూ మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టండి, వైఫై పోయినా రికార్డింగ్ లోపల సాగుతుంది. పాస్‌వర్డులు మార్చండి. మీ వారి దగ్గర ముందు ముందు డబ్బు కుదిరితే గేటుకు, మిద్దెకు మాత్రం పీఓఈ కెమెరాలు వేయించండి. ఒకే నెట్‌వర్క్ తీగలో కరెంటూ బొమ్మా రెండూ పోతాయి, 100 మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు, అడాప్టర్ గొడవా ఉండదు. అప్పుడు కూడా మార్చాల్సింది రెండే, నాలుగు కాదు.

చివరిగా అత్తగారి గది. అమ్మా, నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా మనసుకు తగిలింది అదే. తుంటి ఆపరేషన్ అయిన పెద్దావిడకు ఏ కెమెరానూ పూర్తిగా నమ్మకండి, సరిచేశాక కూడా. ఆమె దిండు పక్కన ఒక రిమోట్ కాలింగ్ బెల్ పెట్టండి. వాటిలో చాలావరకు 433 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, మీ వైఫై తగువుతో వాటికి పనిలేదు. నొక్కితే మిద్దె మీద మోగాలి, నొక్కడం ఆమెతో రెండుసార్లు చేయించి చూడండి. గదిలో కెమెరా ఉన్న సంగతి ఆమెకు చెప్పే పెట్టారని అనుకుంటాను. చెప్పకపోతే ఈరోజే చెప్పండి. బట్టలు మార్చుకునేటప్పుడు దాన్ని గోడవైపు తిప్పే వీలు ఆమె చేతిలోనే ఉండాలి.

పనుల వరుస ఇలా పెట్టుకోండి: ఈరోజు కాలింగ్ బెల్, రేపు సాయంత్రం పరీక్ష, ఆదివారం మీ వారు ఇంట్లో ఉన్నప్పుడు హెచ్‌డీఎంఐ తీగతో మొదలుపెట్టి, తర్వాత ఒక్కొక్కటిగా రౌటర్ జరపడం, చానల్ మార్పు. ఒక్కో మార్పుకూ మధ్య ఒక సాయంత్రం వదిలితే ఏది పనిచేసిందో తెలుస్తుంది. ఇవన్నీ చేశాక కూడా ఆగితే సౌండ్‌బార్ మోడల్, రౌటర్ చానల్ నంబరు, నాలుగు కెమెరాల సిగ్నల్ అంకెలు, ఆ కాగితం మీద రాసుకున్నవి నాకు పంపండి.